పాత ఇంజనుకూ జాతకం ఉంది: తూకానికి వేసే ముందు నంబరు చూడండి

అనంతపురం: కరవు సీమలో పాత ఇనుముకు మాత్రం కరవు లేదు. నీళ్లు అడుగంటిన బావి గట్టున ఆయిల్ ఇంజను, కొట్టంలో వేరుశనగ కట్టె కింద టైర్లు లేని జీపు, ఊరి బయట కంపచెట్ల మధ్య చాసిస్ ఒక్కటే మిగిలిన లారీ. ఇలాంటివి ఒక్కటైనా కనిపించని ఊరు జిల్లాలో అరుదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేని ఈ నేలపై రైతు చేతిలో డబ్బు ఆడని నెలలే ఎక్కువ. సరిగ్గా అటువంటి నెలలోనే పాత ఇనుము కొనేవారి బండి ఊళ్లోకి వస్తుంది. కిలో ఇంత అని బేరం కుదురుతుంది. తరతరాలుగా మూలన పడి ఉన్న ఇంజను సమ్మెట దెబ్బలకు నాలుగు ముక్కలై తక్కెడ ఎక్కుతుంది.

ఆ ముక్కలతో పాటే కొన్ని అంకెలు కూడా పోతున్నాయి. ఇంజను ఏ దేశపు పోతశాలలో పుట్టింది, ఏ కాలపుది, ఏ బండిలో బిగించడానికి చేసింది, ఇప్పుడు ఉన్న బండి దాని సొంత బండేనా అన్న సంగతులన్నీ ఆ అంకెల్లోనే ఉన్నాయి. అవి చదవడం తెలిసినవాడికి అది ఇంజను. తెలియనివాడికి అది ఇనుము. రెండింటి ధరకూ పోలిక లేదు.

రెండు నంబర్లు, రెండు అర్థాలు

ఇంజనులో అన్నిటికన్నా పెద్ద పోత భాగాన్ని మెకానిక్కులు బ్లాకు అంటారు. పిస్టన్లు ఆడే సిలిండర్లు అందులోనే ఉంటాయి. కింద క్రాంకు, పైన హెడ్డు దానికే బిగిస్తారు. ఈ బ్లాకు మీద సాధారణంగా రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఒకటి ఉబ్బెత్తుగా పైకి లేచి ఉంటుంది. చేత్తో తడిమితే వేలికి తగులుతుంది. అది పోత నంబరు. షెడ్లలో కాస్టింగ్ నంబరు అంటారు. రెండవది లోపలికి దిగి ఉంటుంది. నున్నగా చెక్కిన చిన్న చదునుపై పంచిలతో కొట్టిన గుర్తులవి. అది ఇంజను నంబరు. ఆర్సీ పుస్తకంలో రాసేది ఈ పంచి నంబరునే.

ఈ రెండింటికీ తేడా పశువుల సంతకు వెళ్లే రైతుకు తేలికగా బోధపడుతుంది. కొమ్ములు, మెడ, ఒంటి కట్టు చూసి ఇది హళ్ళికారు ఎద్దు అని చెప్పేస్తారు. అది జాతి. అయితే హళ్ళికారు ఎద్దులు వేలల్లో ఉంటాయి. వాటిలో ఇది ఫలానా ఎద్దు అని చెప్పేది చెవికి వేసిన 12 అంకెల బిళ్ళ. పోత నంబరు జాతిని చెబుతుంది. పంచి నంబరు చెవి బిళ్ళ వంటిది. జాతి చూడకుండా బిళ్ళ ఒక్కటే చూసినా మోసమే, బిళ్ళ చూడకుండా జాతి ఒక్కటే చూసినా మోసమే.

ఉబ్బెత్తు అంకెలు ఎలా వస్తాయి?

బ్లాకును కరిగిన ఇనుముతో పోత పోస్తారు. ముందు చెక్కతోనో లోహంతోనో దాని నమూనా చేస్తారు. ఆ నమూనాపై నంబరును ఉబ్బెత్తుగా అమరుస్తారు. నమూనాను ఇసుకలో అదిమి తీసివేస్తే నంబరు ఉన్నచోట ఇసుకలో గుంట పడుతుంది. కరిగిన ఇనుము ఆ గుంటలోకి పారి గట్టిపడి మళ్లీ ఉబ్బెత్తుగా పైకి వస్తుంది. ఇటుకల బట్టీలో అచ్చుపెట్టె మీది ఉబ్బెత్తు అక్షరాలు ఇటుకలో గుంటలుగా దిగడం అందరూ చూసిందే. ఇంజను పోతలో మధ్యన ఇసుక ఉంది కనుక ఆ గుంట కూడా మరోసారి తిరగబడి ఉబ్బెత్తు అవుతుంది.

ఒకే నమూనాతో వేల బ్లాకులు పోస్తారు కాబట్టి వేల బ్లాకులపై ఒకే పోత నంబరు ఉంటుంది. అందువల్ల పోత నంబరు యాజమాన్యానికి రుజువు కాదు. ఇంజను రకానికి మాత్రమే రుజువు. అయితే దీనిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. పంచి నంబరును ఆకురాయితో రుద్ది చెరిపి, కొత్తది కొట్టవచ్చు. పోత నంబరు ఇనుములో భాగం. దాన్ని మార్చి మరొకటి మొలిపించడం అంత తేలిక కాదు. చెక్కేస్తే చెక్కిన మచ్చ మిగులుతుంది.

కొన్ని కర్మాగారాలు నమూనాపై నంబరుతో పాటు ఒక చిన్న తేదీ బిళ్ళను కూడా అమర్చి, పోత పోసే రోజునుబట్టి దాన్ని మార్చేవి. అలాంటి బ్లాకు మీద ఏ రోజు పోత పోశారో కూడా ఇనుములోనే రాసి ఉంటుంది.

ఈ జిల్లాకు ఎలా వచ్చాయి?

అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే మోటారు బండ్లు ఈ ప్రాంతానికి వచ్చాయి. ఫోర్డు కంపెనీ 1926లో భారతదేశంలో అడుగుపెట్టింది. జనరల్ మోటార్సు 1928లో బొంబాయిలో షెవర్లే కార్లు, లారీలు జోడించడం మొదలుపెట్టింది. విడిభాగాలు పెట్టెల్లో ఓడమీద వచ్చేవి. ఇక్కడ బిగించేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషను కావడంతో బస్సులకు బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించి నడిపారు. ఊళ్లలో పెద్దవాళ్లు ‘బొగ్గు బస్సు’ అని చెప్పుకున్నది వాటినే.

యుద్ధం ముగిశాక సైన్యం వదిలిపెట్టిన జీపులు అమ్మకానికి వచ్చాయి. 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను ఇక్కడే జోడించడం మొదలుపెట్టారు. గుట్టలు, వంకలు, ఇసుక దారులు ఉన్న ఈ సీమలో జీపు తిరగని ఊరు లేదు. 1950ల చివర్లో వచ్చిన హిందుస్థాన్ మోటార్సు అంబాసిడర్ 2014 దాకా తయారైంది.

బావుల మీదికి వచ్చిన ఆయిల్ ఇంజన్లది మరో దారి. ఇంగ్లండులోని డర్స్లీ పట్టణపు లిస్టర్, లింకన్ పట్టణపు రస్టన్, స్టామ్‌ఫర్డ్ పట్టణపు బ్లాక్‌స్టోన్ మనదేశంలో పేరుపడ్డ ఇంజన్లు. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ ఏర్పడింది. లిస్టర్ నమూనాలో గుజరాత్‌లోని రాజకోటలో తయారైన ఇంజన్లు కూడా దేశమంతా వ్యాపించాయి. బావులు ఎండి, బోర్లు లోతుకు పోయి, కరెంటు మోటార్లు వచ్చేసరికి ఈ ఇంజన్లకు పని పోయింది. వాటి ఇత్తడి బిళ్ళలకు ఇనుముకన్నా ఎక్కువ ధర పలుకుతుంది కాబట్టి ముందు పోయేది ఆ బిళ్ళలే. బిళ్ళ పోయినా నీళ్ల తొట్టి పక్కన, చక్రం అంచున, బ్లాకు పక్కన పోత అక్షరాలు ఉంటే అవి మిగిలే ఉంటాయి. డర్స్లీ లిస్టరా, దాన్ని చూసి చేసిన రకమా అన్నది ముందు వాటినే అడగాలి.

పాత ఇనుముకు ఈ సీమ చేసిన మేలు ఒకటుంది. కోస్తాలో ఉప్పుగాలికి ఇనుము పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇక్కడి పొడిగాలికి తుప్పు పైపైనే ఆగుతుంది. పంటను ఎండగట్టే గాలే పాత అంకెలను కాపాడుతోంది.

తాతగారి జీపు యుద్ధం జీపేనా?

పాత జీపు ఉన్న ప్రతి ఇంట్లోనూ ‘ఇది మిలిటరీ జీపు, మా తాత వేలంలో కొన్నాడు’ అన్న మాట వినిపిస్తుంది. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. చాలాచోట్ల ఆ జీపు స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ జోడించినదై ఉంటుంది. తగవు తీర్చేది బ్లాకే.

యుద్ధకాలంలో ఒకే నమూనా జీపును అమెరికాలో రెండు కంపెనీలు తయారు చేశాయి. విల్లీస్ చేసినది ఎంబీ. ఫోర్డు చేసినది జీపీడబ్ల్యూ. బ్లాకుకు ముందువైపు కుడిపక్కన, నీళ్ల పంపు వెనకాల చిన్న చదును ఉంటుంది. ఇంజను నంబరు పంచి కొట్టేది అక్కడే. విల్లీస్ ఇంజనైతే నంబరు ముందు ఎంబీ అన్న అక్షరాలు, ఫోర్డు ఇంజనైతే జీపీడబ్ల్యూ అన్న అక్షరాలు ఉంటాయి. ఇక పోత నంబరు కోసం అదే పక్కన నూనె పోసే గొట్టం వెనుక చూడాలి. యుద్ధకాలపు విల్లీస్ బ్లాకుకు 638632 అన్నది గుర్తు. ఫోర్డు సొంతంగా పోసిన బ్లాకులపై 6015 అన్న అంకెలు ఉంటాయి. ఫోర్డు కంపెనీ లెక్కల్లో సిలిండర్ బ్లాకు అనే భాగానికి ఇచ్చిన అంకె అది.

నంబరు మాసిపోయినా మరో గుర్తు ఉంది. యుద్ధం జీపు ఇంజనులో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి. అందుచేత హెడ్డు మూతలాగా పలచగా, చదునుగా ఉంటుంది. 1953లో వచ్చిన సీజే 3బీ జీపు ఇంజను వేరు. దానిలో గాలి పీల్చే వాల్వులు హెడ్డులోకి వచ్చాయి. పొగ వదిలే వాల్వులు బ్లాకులోనే ఉండిపోయాయి. హెడ్డు ఎత్తు పెరగడంతో బానెట్టును కూడా ఎత్తు చేయవలసి వచ్చింది. మన ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగిన మహీంద్రా జీపుల ఎత్తైన బానెట్టుకు కారణం ఇదే. హెడ్డు మీద వాల్వుల మూత కనిపిస్తే అది యుద్ధం ఇంజను కాదని అక్కడికక్కడే చెప్పవచ్చు.

ఒక అక్షరంలో నెల

షెవర్లే పాత ఆరు సిలిండర్ల ఇంజన్లపై తేదీ చదవడం మరింత తేలిక. పోత తేదీ ఒక అక్షరంతో మొదలవుతుంది. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి. అలా ఎల్ వరకు వస్తే డిసెంబరు. అక్షరం తరువాత తారీఖు. ఆ తరువాత సంవత్సరంలో చివరి అంకె. సీ 12 6 అని ఉంటే మార్చి 12న, 6తో ముగిసే సంవత్సరంలో పోసిన బ్లాకు అని అర్థం.

6తో ముగిసే సంవత్సరం అంటే 1936 కావచ్చు, 1946 కావచ్చు, 1956 కావచ్చు. ఇక్కడే పోత నంబరు అవసరం వస్తుంది. ఒక్కో పోత నంబరు కొన్నేళ్లే వాడుకలో ఉంటుంది కనుక దాన్ని బట్టి దశాబ్దం తేలిపోతుంది. పుట్టినరోజు ఒక కాగితంలో, పుట్టిన దశాబ్దం మరో కాగితంలో ఉన్నట్టు. రెండూ కలిపితేనే జాతకం.

తేదీ తెలిశాక ఇంకో లెక్క చూడాలి. బ్లాకు పోత పోసి, చెక్కి, ఇంజను కట్టి, బండిలో బిగించేసరికి వారాలు, నెలలు పడుతుంది. పెట్టెల్లో సముద్రం దాటి వచ్చి బొంబాయిలో బిగించిన బండికి మరికొంత కాలం అదనం. కాబట్టి బ్లాకు తేదీ బండి తేదీకన్నా కొంచెం వెనక ఉండడం సహజం. బ్లాకు తేదీ బండి తేదీకన్నా తరువాతదైతే మాత్రం మధ్యలో ఇంజను మార్చారన్నమాటే. బిడ్డ పుట్టాకనే కదా బారసాల!

స్కేలుతో కొలిచి చూస్తే

నంబరు చెప్పిన మాట నిజమా కాదా అన్నది లేతు అంగడిలో కొలత వేసి తేల్చవచ్చు. సిలిండరు వెడల్పును బోరు అంటారు. పిస్టను కిందికీ పైకీ నడిచే దూరం స్ట్రోకు. రెండింటినీ సెంటీమీటర్లలో కొలవాలి. బోరును బోరుతో హెచ్చవేసి, వచ్చినదాన్ని 0.7854తో, ఆపై స్ట్రోకుతో, చివరగా సిలిండర్ల సంఖ్యతో హెచ్చవేస్తే ఇంజను సీసీ వస్తుంది.

విల్లీస్ జీపుకు బోరు 7.94 సెంటీమీటర్లు, స్ట్రోకు 11.11 సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. లెక్క వేస్తే సుమారు 2,200 సీసీ వస్తుంది. కంపెనీ చెప్పిన లెక్క 2,199. అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు బోరు 7.30, స్ట్రోకు 8.89. అది 1,489 సీసీ.

ఇందులో జాగ్రత్త పడవలసిన సంగతులు మూడు. మొదటిది, ఇంజను అరిగినప్పుడల్లా బోరు కొట్టిస్తారు. విల్లీస్ బోరు ఒక మిల్లీమీటరు పెరిగితే లెక్క 2,256 సీసీకి పోతుంది. అంతమాత్రాన అది వేరే ఇంజను కాదు. స్ట్రోకు మాత్రం క్రాంకు మీద ఆధారపడింది కనుక బోరు కొట్టించినా మారదు. రెండవది, ఒకే సీసీ ఉన్నంత మాత్రాన ఒకే ఇంజను కాదు. యుద్ధం జీపుకూ సీజే 3బీకీ బోరు, స్ట్రోకు రెండూ సమానమే. అంబాసిడర్‌లో పెట్రోలు రకమూ 1,489 సీసీయే, పాత డీజిల్ రకమూ 1,489 సీసీయే. మూడవది, క్రాంకు, పిస్టను తీసేసిన ఉత్త బ్లాకుకు స్ట్రోకు కొలవడానికి ఏమీ మిగలదు. అప్పుడు పోత నంబరే దిక్కు. నంబరు, కొలత, వాల్వుల అమరిక మూడూ ఒక్క మాట చెబితేనే నమ్మాలి.

నంబరు చదివే పద్ధతి

ఇందుకు పెద్ద సామాను అక్కరలేదు. కిరసనాయిలో డీజిలో పోసి ఒక రాత్రి నాననివ్వాలి. మరునాడు తీగల బ్రష్షుతో గ్రీసు, మట్టి తీసివేయాలి. ఉలి, సమ్మెట, గ్రైండరు దగ్గరికి రానీయకూడదు. ముఖ్యంగా పంచి నంబరు ఉన్న చదునును గీకితే ఉన్న రుజువు కాస్తా పోతుంది. పైగా నంబరు చెరిపారన్న అనుమానం మెడకు చుట్టుకుంటుంది.

శుభ్రం చేశాక ఉబ్బెత్తు అంకెల మీద సుద్దముక్కను అడ్డంగా రుద్దితే తెల్లగా తేలతాయి. లోపలికి దిగిన అంకెలైతే సుద్దపొడి చల్లి గుడ్డతో తుడిస్తే గుంటల్లో పొడి నిలిచి కనిపిస్తాయి. పలచటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దినా అచ్చు దిగుతుంది. చీకటి వేళ టార్చిని ఎదురుగా కాక పక్కనుంచి వేస్తే నీడ పడి మాసిన అంకెలు కూడా లేచి వస్తాయి. గోడవైపు ఉన్న నంబరుకు చిన్న అద్దం పెట్టవచ్చు. అద్దంలో అంకెలు తిరగబడతాయని మరచిపోరాదు. సెల్‌ఫోనుతో దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. దూరపు ఫొటో ఉంటేనే ఆ నంబరు ఏ భాగం మీదిదో ఇతరులకు తెలుస్తుంది.

చదివేటప్పుడు పొరపడే చోట్లు కొన్ని ఉన్నాయి. 3, 8 ఒకలాగే అనిపిస్తాయి. 6, 9 బ్లాకు తలకిందులైతే మారిపోతాయి. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలియదు. ఇంకా పెద్ద పొరపాటు మరొకటుంది. హెడ్డుకు, మానిఫోల్డుకు, గేరుబాక్సుకు కూడా వేటి పోత నంబర్లు వాటికి ఉంటాయి. గేరుబాక్సు నంబరు రాసుకుని ఇదే ఇంజను నంబరనుకుంటే వెదుకులాట అంతా వృథా. ఒకటి రెండు అంకెలే ఉన్న చిన్న గుర్తులు పోతశాలలో అచ్చుపెట్టెకు ఇచ్చిన వరుస నంబర్లు కావచ్చు. వాటితో ఇంజను రకం తేలదు.

చట్టం ఏమంటుంది?

ఇదంతా పాత సామాను మీద సరదా అనుకుంటే పొరపాటు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడుకునే ద్విచక్ర వాహనాలను, నాలుగు చక్రాల బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. వాటికి నంబరు ప్లేటుపై రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదుకు రుసుము రూ.20,000. పదేళ్లు చెల్లుతుంది. తిరిగి నమోదుకు రూ.5,000. ఇలాంటి బండిని రోజూ రోడ్డుపై తిప్పడానికి, బాడుగలకు తోలడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనం పోయించడానికి బయటకు తీయవచ్చు.

ఈ నిబంధనల్లో అసలు షరతు ఒకటుంది. బండి తన మొదటి రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరిగి ఉండరాదు. మన జిల్లా జీపులకు చిక్కు వచ్చేది ఇక్కడే. పెట్రోలు ధర భరించలేక అసలు ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించిన జీపులు ఊరూరా ఉన్నాయి. దించిన పెట్రోలు ఇంజను ఎక్కడో గోడ పక్కన పడి ఉంటుంది. ఎందుకూ పనికిరాదని మొదట తూకానికి పోయేది అదే. జీపు ఒకచోట, దాని గుండె ఒకచోట. ఆ బ్లాకు మీది నంబరు పాత ఆర్సీలోని నంబరుతో సరిపోతే, ఇది అసలైన బండి అన్న మాటకు అంతకన్నా గట్టి సాక్షి దొరకదు. దాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నాక బండి యజమాని చేతిలో మిగిలేది కథ మాత్రమే.

మామూలు బండ్ల విషయంలోనూ నంబరు నిర్లక్ష్యం చేయరాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను బండిలో మార్పులకు సంబంధించింది. అనుమతి లేకుండా ఇంజను మార్చితే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలి. 55వ సెక్షను ప్రకారం బండి ఇక ఎన్నటికీ పనికిరాకుండా పోతే ఆ సంగతి కూడా 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా తెలియజేసి ఆర్సీ పంపేయాలి. బండి తుక్కుగా పోయి, ఆర్సీ మాత్రం రైతు పేరు మీద బతికి ఉంటే ఆ కాగితాన్ని ఎవరు ఏ బండికి అతికించినా జవాబు చెప్పుకోవలసింది రైతే.

నంబరు విలువ ఎంతో ఈ ప్రాంతానికి ఈమధ్యే తెలిసివచ్చింది. 2022లో కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండ వద్ద ఉన్న కియా కార్ల కర్మాగారం నుంచి సుమారు 900 ఇంజన్లు కొన్నేళ్లుగా మాయమవుతూ వచ్చాయని 2025 మార్చిలో యాజమాన్యం పోలీసులకు ఫిర్యాదు చేసింది. అవి కొత్త ఇంజన్లు, ఇవి పాత ఇంజన్లు. సూత్రం మాత్రం ఒక్కటే. బిల్లు లేకుండా, నంబరు చెరిగిన ఇంజనును చవగ్గా వస్తోందని కొంటే దొంగసొత్తు కొన్న అనుమానం నెత్తిన పడుతుంది. అమ్మేవాడు నంబరు చూడాలి, కొనేవాడు మరీ చూడాలి.

పెద్ద ఖర్చు లేని పని

ఈ జిల్లాకు యంత్రాల విద్య కొత్త కాదు. అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల 1946 నాటిది. ఇప్పుడది జేఎన్‌టీయూ అనంతపురంలో భాగం. గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాలకు శిక్షణ ఇచ్చి, పరీక్షలు జరిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఐటీఐలలో ఏటా మోటారు మెకానిక్కు, డీజిల్ మెకానిక్కు విద్యార్థులు చదువుకుంటున్నారు. పల్లెల్లో మూలపడ్డ పాత బండ్లు, ఆయిల్ ఇంజన్ల నంబర్లను ఊరికో పుస్తకంలో రాయించడం ఈ సంస్థలకు కష్టమైన పని కాదు. విద్యార్థులకు పోతలు, కొలతలు, కంపెనీలు చేతికి తగిలేలా తెలుస్తాయి. రైతుకు తన ఇంట్లో ఉన్నదేమిటో తెలుస్తుంది.

పాత బండి ఉన్న ప్రతి ఇంటివారూ వీఏ నంబరుకు పరుగెత్తాలని కాదు. చాలా ఇంజన్లు పరీక్షించాక మామూలువేనని తేలవచ్చు. అప్పుడు తూకానికి వేసినా నష్టం లేదు. ఇల్లు గడవడానికి ఇనుము అమ్ముకోవడం తప్పు కూడా కాదు. తెలియక అమ్ముకోవడమే నష్టం. భూమి అమ్మేవాడు సర్వే నంబరు చూడకుండా అమ్మడు. ఎద్దును అమ్మేవాడు పళ్లు చూపించకుండా అమ్మడు. ఇంజను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క అంకె కూడా చూడకుండా సమ్మెట ఎత్తుతున్నారు.

కిరసనాయిలు, బ్రష్షు, సుద్దముక్క, ఒక పూట తీరిక ఉంటే చాలు. అంకెలు రాసుకోండి. ఆర్సీతో సరిచూసుకోండి. తెలిసిన మెకానిక్కుకు చూపించండి. బేరం ఆ తరువాత మాట్లాడవచ్చు.